సెప్టిక్ ట్యాంకు మడ్డిని శుద్ధి కేంద్రంలో దించడం: మూత తీసిన దగ్గర నుంచి రసీదు చేతికొచ్చే దాకా

సెప్టిక్ ట్యాంకును ఖాళీ చేస్తే పని సగమే అయినట్టు. లాగిన మడ్డిని ఎక్కడ దించారు, ఎలా దించారు అన్నదే మిగతా సగం. మురుగునీటి శుద్ధి కేంద్రాల్లో ట్యాంకర్ల కోసం ప్రత్యేకంగా కట్టిన చోటును స్వీకరణ కేంద్రం అంటారు. అక్కడ గొట్టం తగిలించి వాల్వు తిప్పడం పది నిమిషాల పనే. కానీ లోడు వెనక్కి పంపడం, జల్లెడ ఇరుక్కోవడం, కొలతల మీద గొడవ లాంటి తలనొప్పులకు మూలం చాలాసార్లు ఇంటి దగ్గర మూత తీసిన క్షణంలోనే ఉంటుంది. అందుకే ఈ మార్గదర్శి అక్కడి నుంచే మొదలవుతుంది.

ఈ మడ్డి మామూలు మురుగు కాదు

కాలువలో వచ్చే ఇంటి మురుగునీటిలో బీఓడీ లీటరుకు సుమారు 200 నుంచి 300 మిల్లీగ్రాములు ఉంటుంది. బీఓడీ అంటే ఆ మురికిని అరిగించడానికి సూక్ష్మజీవులకు కావలసిన ఆక్సిజన్. ఏళ్ల తరబడి ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డిలో ఈ అంకె కొన్ని వందల నుంచి పదుల వేల దాకా ఎంతైనా ఉండొచ్చు. ఏ రెండు ట్యాంకులూ ఒకేలా ఉండవు కాబట్టి, డిజైన్ లెక్కలకు లీటరుకు 7,000 మి.గ్రా. బీఓడీ, 15,000 మి.గ్రా. కరగని ఘనపదార్థాలు అనుకోవడం వాడుక.

ఆ లెక్కన 10,000 లీటర్ల ట్యాంకర్ ఒక్కటి 70 కిలోల బీఓడీని మోసుకొస్తుంది. మనిషికి రోజుకు 60 గ్రాములు అనుకుంటే, అది 1,100 మందికి పైగా జనం ఒక రోజంతా వదిలే మురుగుకు సమానం. దాన్ని దారిలో కనిపించిన మ్యాన్‌హోల్‌లో పది నిమిషాల్లో వదిలేస్తే కింద చిన్న పైపుల్లో ఇసుక, గుడ్డపీలికలు అడ్డం పడతాయి. హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు ఎగదన్ని దిగువ మ్యాన్‌హోల్‌లో పనిచేసేవాళ్ల ప్రాణం మీదకు రావచ్చు. చిన్న కేంద్రమైతే గాలి ట్యాంకులో (సూక్ష్మజీవుల కోసం మురుగులోకి గాలి ఊదే ట్యాంకు) ఆక్సిజన్ ఒక్కసారిగా పడిపోతుంది. వరద కాలువలో వదిలితే ఇక శుద్ధి అన్న మాటే లేదు, నేరుగా చెరువులోకో ఏటిలోకో పోతుంది.

ముందుగా తెలుసుకోవలసినవి

బండి కదలకముందే కేంద్రం నియమాలు దగ్గర పెట్టుకోండి. ఏ రకం లోడు తీసుకుంటారు, పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె) ఎంత నుంచి ఎంత దాకా ఒప్పుకుంటారు, రోజుకు ఎన్ని లీటర్లు, ఏ వేళల్లో, గొట్టం సైజు ఎంత, ఒత్తిడి పెట్టి దించవచ్చా లేదా అన్నవి అడగాలి. 6 నుంచి 9 మధ్య పీహెచ్ అడిగే కేంద్రాలు ఎక్కువే గానీ, చెల్లేది మీ కేంద్రం రాసిచ్చిన అంకె మాత్రమే. బండిని నమోదు చేయించి, కార్డు గానీ పిన్ గానీ తీసుకోండి. ట్యాంకు సామర్థ్యం కాగితం మీద ఎంతుందో, నిజంగా నీళ్లు పోసి కొలిస్తే ఎంత పడుతుందో ఒకసారి సరిచూసుకుంటే తర్వాత బిల్లు దగ్గర వాదన తప్పుతుంది.

ఇంటి దగ్గర: లాగక ముందు చూడాల్సింది

మూత తీసి, గాలి వచ్చే వైపు నిలబడండి. వెంటనే వంగి చూడకండి, గ్యాసు కాసేపు బయటకు పోనివ్వండి. మామూలు సెప్టిక్ ట్యాంకులో పైన గోధుమ రంగు తెట్టు, మధ్యలో బూడిద రంగు నీరు, అడుగున నల్లటి మడ్డి ఉంటాయి. వాసన కుళ్లిన గుడ్డులా ఉంటుంది, అది సహజమే. ఆగి ఆలోచించాల్సినవి వేరే ఉన్నాయి. నీటి మీద ఇంద్రధనుస్సు రంగుల పొర కనిపిస్తే పెట్రోలు, డీజిలు, ఇంజిన్ ఆయిల్ కలిసి ఉండొచ్చు. థిన్నర్ వాసన, పాలలా తెల్లగా పెయింటు కలిసిన నీరు, నీలం లేదా ఆకుపచ్చ రంగు, చేతికి తగిలే వేడి, కదిపితే ఆగకుండా లేచే నురగ, వీటిలో ఏది ఉన్నా పంపు వేయకండి.

పీహెచ్ పట్టీ పరీక్షకు రెండు నిమిషాలు చాలు, అయినా ఎక్కువ మంది దాటేసేది ఇదే. పట్టీని తెట్టులో ముంచితే జిడ్డు అంటుకుని రంగు మారదు. ఒక కర్రకు చిన్న డబ్బా కట్టి, తెట్టును పక్కకు నెట్టి, మధ్య పొర నుంచి నీరు తీయండి. పట్టీని అందులో ముంచి తీసి, పట్టీల పెట్టె మీద చెప్పినంతసేపు ఆగి, వెలుతురులో చూడండి. ఇంటి మడ్డి సాధారణంగా 6 నుంచి 8 మధ్యే ఉంటుంది. 5 కంటే తక్కువో 10 కంటే ఎక్కువో చూపిస్తే ఆ ట్యాంకులోకి ఇంటి మురుగు కానిది ఏదో పోయినట్టే. ఇంటివాళ్లను నేరుగా అడగండి: పక్కన మెకానిక్ షెడ్డు ఉందా, బ్యాటరీల పని, అద్దకం పని, ఫొటో ల్యాబు లాంటివి ఏమైనా ఈ ట్యాంకుకే కలిశాయా? యాసిడ్ పోసి కడిగారా?

తర్వాతి నియమం ఒక్కటే, మినహాయింపులు లేనిది: రకాలు కలపకూడదు. నాలుగు ఇళ్ల మడ్డి ఒకే బండిలో ఉన్నా చాలా కేంద్రాలు ఒప్పుకుంటాయి, చీటీలో నాలుగూ రాసి ఉంటే చాలు. కానీ హోటల్ వంటగది గ్రీజు ట్రాప్ (నూనె, కొవ్వును ఆపే తొట్టి) వ్యర్థాన్ని దానితో కలిపితే మొత్తం లోడు గ్రీజు కిందికే వస్తుంది. గ్రీజు చల్లబడితే పైపు గోడలకు మైనంలా గడ్డకడుతుంది, జల్లెడ కన్నాలు పూడుస్తుంది, పీహెచ్ ఎలక్ట్రోడు మీద పొర కడుతుంది. అందుకే దాన్ని తీసుకునే కేంద్రాలు వేరే వాల్వు దగ్గర దింపించుకుని, నేరుగా డైజెస్టర్‌కు (గాలి లేకుండా వ్యర్థాన్ని కుళ్లబెట్టే మూసిన ట్యాంకు) పంపుతాయి. తాత్కాలిక మరుగుదొడ్ల వ్యర్థంలో వాసన చంపే రసాయనాలు ఉంటాయి. ముఖ్యంగా ఫార్మాల్డిహైడ్, క్వాటర్నరీ అమ్మోనియం రకాలు ఎక్కువ మోతాదులో పడితే అమ్మోనియాను మార్చే బ్యాక్టీరియా దెబ్బతింటుంది. ఫ్యాక్టరీ వ్యర్థానికి అనుమతి వేరు, దారి వేరు. ఒక్క చెడ్డ ట్యాంకును కలిపారంటే అంతకు ముందు లాగిన మూడు మంచి ట్యాంకులూ దానితోపాటే చెడ్డవైపోతాయి. ఖర్చు మాత్రం బండివాడి నెత్తిన పడుతుంది.

లాగేటప్పుడు పైన నీరు మాత్రమే లాగి అడుగు మడ్డిని వదిలేస్తే ఇంటివాళ్లకు ఒరిగేదేమీ లేదు. కొంత నీటిని వెనక్కి వదిలి, అడుగు కదిలించి, మళ్లీ లాగండి. ఇటుక ముక్కలు, కంకర గొట్టంలోకి రాకుండా మూతి దగ్గర చూసుకోండి. బండి ట్యాంకును గొంతు దాకా నింపకండి, దాదాపు పదో వంతు ఖాళీ ఉంచండి. నురగ లేస్తే, ట్యాంకు నిండగానే పంపు దారి మూసే ఫ్లోట్ బంతిని దాటి మడ్డి వాక్యూమ్ పంపులోకి పోతుంది, పంపు లోపలి రెక్కలు (వేన్లు) పాడైతే ఆ రోజు పని అక్కడితో ఆగుతుంది. వెయ్యి లీటర్లు సుమారు టన్ను బరువు కాబట్టి ఇరుసు మీద బరువు కూడా లెక్కలో పెట్టుకోవాలి.

లోడు చీటీ అక్కడే రాయండి, కేంద్రం గేటు దగ్గర గుర్తు తెచ్చుకుంటూ కాదు. చిరునామా, తేదీ, సమయం, ట్యాంకు రకం, ఎన్ని లీటర్లు, పీహెచ్, బండి నంబరు, డ్రైవరు సంతకం, ఇంటివాళ్ల సంతకం ఉండాలి. దించిన తర్వాత కేంద్రం సంతకం చేసే చోటు ఖాళీగా ఉంచండి.

దారిలో

వాల్వులకు మూతలు పెట్టి, గొట్టాల్లో మిగిలింది ట్యాంకులోకి లాగేసి, అప్పుడే బయలుదేరండి. రోడ్డు మీద కారేది ఎక్కువగా పక్కన వేలాడే గొట్టం నుంచే. లోడును రాత్రంతా బండిలో ఉంచకండి. ఇసుక అడుగున గట్టిపడుతుంది, ఎండ కాస్తే గ్యాసు పెరుగుతుంది, మర్నాడు దించేటప్పుడు రెండూ ఒకేసారి ఇబ్బంది పెడతాయి.

కేంద్రంలో: ఒక్కో అడుగు

1. బండిని నేల చదునుగా ఉన్న చోటనో, వెనక వాల్వు వైపు కాస్త వాలుగా ఉండేలానో నిలపండి. వాలు అటుతిప్పి ఉంటే చివరి రెండు మూడు వందల లీటర్లు ట్యాంకు ముందు భాగంలోనే ఉండిపోతాయి. హ్యాండ్‌బ్రేకు వేసి, చక్రాలకు దిమ్మలు పెట్టండి.

2. రబ్బరు చేతి తొడుగులు, కళ్లద్దాలు లేదా ముఖకవచం, బూట్లు వేసుకోండి. గ్యాసు మీటరు ఛాతీ దగ్గర తగిలించుకోండి. బండి వెనక పెట్టె మీద పెట్టిన మీటరు ఎవరినీ కాపాడదు.

3. కార్డు చూపించి లేదా పిన్ కొట్టి, లోడు రకం, లీటర్లు, చీటీ నంబరు నమోదు చేయండి. తెలియనిదాన్ని ‘ఇంటి మడ్డి’ అని నొక్కేయడం తేలికే. కానీ చాలా చోట్ల నమూనా తీసి ఉంచుతారు, తర్వాత తేడా బయటపడితే కార్డు ఆగిపోతుంది.

4. వాక్యూమ్ గేజీ చూడండి. ముల్లు సున్నాకు రావాలి. ట్యాంకులో వాక్యూమ్ మిగిలి ఉండగా వాల్వు తెరిస్తే మడ్డి కిందికి దిగదు సరికదా, కేంద్రం పైపులో ఉన్నది వెనక్కి బండిలోకి వస్తుంది.

5. గొట్టం తగిలించండి. ముందు రెండు వైపులా కప్లింగ్ లోపలి గ్యాస్కెట్ చూడండి. అది గాడిలోంచి సగం లేచినా, ఎండి పగిలినా, కింద ఇసుక రేణువు ఉన్నా కారుతుంది. కప్లింగ్‌ను నిటారుగా నెట్టి, రెండు చెవులనూ (పక్కల ఉండే బిగింపు పిడులు) ఒకేసారి మూయండి. ఒక చెవి ముందు, ఇంకొకటి తర్వాత మూస్తే కప్లింగ్ వంకరగా కూర్చుంటుంది. చెవులకు పిన్నులు పెట్టండి. గొట్టం మధ్యలో పైకి లేవకుండా, మెలిక పడకుండా కేంద్రం వైపుకు వాలుగా పరవండి.

6. ట్యాంకు పైన గాలి వాల్వు తెరవండి. అది మూసి ఉంటే దిగే కొద్దీ లోపల వాక్యూమ్ ఏర్పడి, మడ్డి ఆగి ఆగి గుటకలుగా దిగుతుంది, మీటరు కొలత కూడా తప్పుతుంది.

7. కేంద్రం వాల్వు తెరుచుకున్నాక, బండి వాల్వును పావు వంతు మాత్రమే తిప్పండి. మొదటి నిమిషంలో లోపలి సెన్సర్లు పీహెచ్, విద్యుద్వాహకత చూస్తాయి. హద్దు దాటితే కేంద్రం వాల్వు దానంతటదే మూసుకుంటుంది. అప్పటికి మీ వాల్వు పూర్తిగా తెరిచి ఉంటే ఆ దెబ్బ గొట్టానికి, కప్లింగ్‌కు తగులుతుంది. పచ్చ దీపం స్థిరంగా ఉన్నాక పూర్తిగా తెరవండి.

8. చేత్తో నమూనా తీయాల్సిన చోట ప్రవాహం మధ్యలో తీయండి. మొదట వచ్చేది గొట్టంలో పాతది, చివర వచ్చేది అడుగు ఇసుక. ఒక లీటరు సీసా నింపి, లోడు నంబరు రాసి, 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచాలి.

9. పక్కనే ఉండండి. 100 మి.మీ. గొట్టంతో, గ్రావిటీ మీద 10,000 లీటర్లు దిగడానికి సుమారు 10 నుంచి 15 నిమిషాలు పడుతుంది. ఫోన్ పట్టుకుని క్యాబిన్‌లో కూర్చునే సమయం కాదిది.

10. అయిపోయాక ముందు బండి వాల్వు మూయండి. గొట్టాన్ని బండి వైపు నుంచి పైకెత్తుకుంటూ కేంద్రం వైపు నడవండి, లోపల మిగిలింది అటే జారుతుంది. తర్వాతే కేంద్రం వాల్వు మూసి, గొట్టం విప్పి, రెండు మూతులకూ మూతలు పెట్టండి. నేల మీద పడ్డ చుక్కలను అక్కడి డ్రెయిన్ వైపుకే కడగండి, గేటు వైపుకు కాదు.

11. రసీదులో లీటర్లు, సమయం చూసి, చీటీ మీద కేంద్రం సంతకం తీసుకోండి.

ఒత్తిడి పెట్టి దించడం గురించి ఒక మాట. పంపును వెనక్కి తిప్పి ట్యాంకులో గాలి నింపితే పని త్వరగా అవుతుంది, నిజమే. కానీ జల్లెడకు తట్టుకునే వేగం కొంతే, అది దాటితే మడ్డి పైనుంచి పొర్లుతుంది. ఒత్తిడిలో ఉన్న గొట్టం ఊడితే మనిషిని పడగొడుతుంది. అనుమతి ఉన్న చోట కూడా వాళ్లు చెప్పిన హద్దు దాటొద్దు. గేజీ సున్నాకు రానిదే కప్లింగ్ చెవి మీద చెయ్యి వేయొద్దు.

గ్యాసు

మడ్డి నిలకడగా ఉన్నప్పుడు హైడ్రోజన్ సల్ఫైడ్ దానిలోనే కరిగి ఉంటుంది, కదిలించి దించేటప్పుడు బయటపడుతుంది. గాలి కంటే బరువైంది కాబట్టి గుంటల్లో, గోడల మూలల్లో నిలుస్తుంది. ఒక పీపీఎం (గాలిలో పది లక్షల వంతుల్లో ఒక వంతు) కంటే తక్కువలోనే ముక్కుకు తెలుస్తుంది. 100 పీపీఎం చేరేసరికి ముక్కు మొద్దుబారి వాసన ఆగిపోతుంది, మనిషి ‘పోయింది లే’ అనుకుంటాడు. 500 దాటితే నిమిషాల్లో కుప్పకూలతాడు. మీటరులో హైడ్రోజన్ సల్ఫైడ్ అలారం 10 పీపీఎం దగ్గర, ఆక్సిజన్ అలారం 19.5 శాతం దగ్గర, మండే గ్యాసు అలారం పేలుడు కనిష్ఠ హద్దులో (గాలిలో ఆ గ్యాసు అంటుకోవడానికి కావలసిన కనీస మోతాదు) 10 శాతం దగ్గర పెట్టడం వాడుక. మోగితే గాలి వచ్చే వైపుకు కదలండి, తర్వాతే వాల్వు సంగతి.

బండి ట్యాంకులోకి గానీ, సెప్టిక్ ట్యాంకులోకి గానీ తల కూడా పెట్టకూడదు. పడ్డవాడిని కాపాడబోయి దిగినవాళ్లే ఇలాంటి ప్రమాదాల్లో తరచూ రెండో, మూడో మృతులవుతారు. పైనుంచి లాగే తాడు, బయటి నుంచి గాలి అందించే శ్వాస పరికరం, శిక్షణ ఉన్న మనిషి లేకుండా రక్షణ ప్రయత్నం లేదు. ఇక టెటనస్, హెపటైటిస్ ఎ, బి, టైఫాయిడ్ టీకాల గురించి డాక్టరుతో మాట్లాడి వేయించుకోవాలి. చేతులు కడగకుండా తినడం, పొగ తాగడం ఈ పనిలో జబ్బుకు దగ్గరి దారి.

తేడా వచ్చినప్పుడు

దిగడం నెమ్మదించిందంటే ముందు గాలి వాల్వు చూడండి. అది తెరిచే ఉంటే కేంద్రం రాళ్ల పెట్టె (మడ్డితో వచ్చే రాళ్లు, కంకర ఆగే పెట్టె) నిండి ఉంటుంది, లేదా మీ వాల్వు దగ్గర గుడ్డల చుట్ట ఇరుక్కుని ఉంటుంది. వాల్వు మూసి, సిబ్బందిని పిలిచి తీయించండి. కర్రతో పొడిచి లోపలికి నెడితే అది వెళ్లి జల్లెడలో పడుతుంది. తడి తుడుపు గుడ్డలు, శానిటరీ ప్యాడ్లు చిరగవు, 6 మి.మీ. జల్లెడ దగ్గర తాడులా పేనుకుంటాయి.

కొలతల్లో తేడా ఇంకో నిత్య వివాదం. బండి ట్యాంకుకు ఉండే మట్టం చూసే అద్దంలో 10,000 కనిపిస్తుంది, కేంద్రం మీటరు 9,200 అంటుంది. అద్దంలో చూసింది నురగ మట్టం అయ్యుండొచ్చు, ట్యాంకు అడుగున ఇసుక గట్టిపడి ఎప్పటికీ దిగకుండా ఉండొచ్చు. మీటరు వైపు తప్పూ ఉండొచ్చు: విద్యుదయస్కాంత మీటరు పైపు పూర్తిగా నిండి ఉంటేనే సరిగ్గా కొలుస్తుంది, గాలి కలిసిన ప్రవాహంలో అంకె నమ్మలేం. తేడా ప్రతిసారీ ఒకే వైపుకు వస్తుంటే శుభ్రమైన నీటితో బండి నింపి, ఒకసారి మీటరు గుండా దించి చూడడం ఒక్కటే తేల్చే మార్గం.

పీహెచ్ అలారం మోగి లోడు ఆగితే, అది నిజంగా లోడు దోషమా, ఎలక్ట్రోడు మీద జిడ్డా అన్నది ముందు తేలాలి. ఎలక్ట్రోడు కడిగి, చేత్తో తీసిన నమూనాతో సరిచూడమని అడగండి. అప్పటికీ అదే అంకె వస్తే లోడు బండిలోనే ఉండాలి. నీళ్లు కలిపి పలచన చేసి మళ్లీ ప్రయత్నించడం నిషేధం, పైగా పీహెచ్ దాని వల్ల పెద్దగా మారదు కూడా. నమూనా సగం మీరు, సగం వాళ్లు ఉంచుకుని, ఏ ఇంటిదో చీటీల్లో వెతికి, ఆ రకం వ్యర్థం తీసుకునే కేంద్రానికి పంపండి. ఆ బండి కడిగే దాకా ఇంకో లోడు ఎక్కించకండి.

నేల మీద ఒలికితే ముందు వాల్వు, తర్వాత వరద కాలువ మూత. ఇసుకో రంపపు పొట్టో చల్లి, ఎత్తి, ఆ చోట సున్నం చల్లండి. పైపు పెట్టి కడిగేయడం అన్నిటికంటే చెడ్డ పని, గజం మేర ఉన్న మురికి కాలువ దాకా చేరుతుంది.

కేంద్రం నడిపేవాళ్లకు

రోజుకు 50 లక్షల లీటర్ల మురుగు వచ్చే కేంద్రం తీసుకుందాం. లీటరుకు 250 మి.గ్రా. లెక్కన రోజు బీఓడీ 1,250 కిలోలు. అక్కడికి 10,000 లీటర్ల ట్యాంకర్లు ఐదు వస్తే నీటి పరిమాణం పెరిగేది ఒక్క శాతమే. బీఓడీ మాత్రం 350 కిలోలు, అంటే 28 శాతం పెరుగుతుంది. ఘనపదార్థాలు 750 కిలోలు అదనం. ఆ ఐదూ రెండు గంటల్లో నేరుగా లోపలికి పోతే, ఆ రెండు గంటల్లో మురుగుతో వచ్చే సుమారు 104 కిలోలకు ఈ 350 కలిసి భారం నాలుగు రెట్లు దాటుతుంది. గాలి ఊదే బ్లోవర్లు అందుకోలేవు. అదే మడ్డిని నిల్వ ట్యాంకులో పట్టి, కలియబెడుతూ 24 గంటల మీద వదిలితే నిమిషానికి 35 లీటర్లు. రాత్రి మురుగు తగ్గే వేళల్లో ఎక్కువ వదిలితే ఇంకా సమంగా ఉంటుంది. గాలి ట్యాంకులో కరిగిన ఆక్సిజన్ లీటరుకు 2 మి.గ్రా. కంటే కిందికి జారుతుంటే నిల్వ ట్యాంకు నుంచి మడ్డిని వదిలే మోతాదు పంపును తగ్గించండి. మడ్డిలో అమ్మోనియా కూడా ఎక్కువే కాబట్టి బయటికి వెళ్లే నీటిలో దాన్నీ చూస్తుండాలి.

పీహెచ్ ఎలక్ట్రోడును ప్రతి రోజూ కడిగి, వారానికోసారి 4, 7, 10 బఫర్లతో (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలు) సరిచేయండి. రాళ్ల పెట్టెను నిండాక కాదు, నిండక ముందే ఖాళీ చేయించండి.

నెలాఖరున ఒక్కో బండి చీటీల్లోని ‘లాగిన లీటర్లు’ కూడి, మీ మీటరులోని ‘దించిన లీటర్లు’ పక్కన పెట్టండి. ఐదు శాతం అటూ ఇటూ తేడా కొలత లోపం కావొచ్చు. ఒక బండి నెల నెలా లాగింది ఎక్కువ, దించింది తక్కువ చూపిస్తుంటే, ముందు దాని ట్యాంకులో గట్టిపడ్డ ఇసుకను, ఆ తర్వాత అది తిరిగే దారిలోని మ్యాన్‌హోల్‌లను చూడాలి.